పడని పుల్లలు

మెర్విన్ ట్రెగియర్ పనితనం చూసి తీరాల్సిందే. సిడ్నీకి దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న ఆ పార్కులో ముప్ఫై ఏళ్లుగా మేస్త్రీ ఆయనే, కాపలా ఆయనే. ఆఫీసులో మూడు జాబితాలుంటాయి: పాత కట్టడాలు, ప్రకృతి, కొత్త కట్టడాలు. ఓడల్లో వచ్చిన రోగుల్ని విడిగా ఉంచిన క్వారంటైన్ కాలంనాటి రాతిగోడ మొదటిదాంట్లో, దాని కింద సందులో కాపురముండే పెంగ్విన్ జంట రెండోదాంట్లో, గోడ పక్కన వేసిన చెక్కబాట మూడోదాంట్లో. "ఒక్క గోడకి ముగ్గురు మొగుళ్లు!" అని నవ్వేవాడు మెర్విన్.

అక్కడ మిగిలిన ఆఖరి జంట అది. మిగతావాటిని కుక్కలూ నక్కలూ తినేశాయి. సాయంత్రం ఇంటికెళ్తూ గోడ దగ్గర వంగి, "వస్తానర్రా, తలుపులేసుకోండి" అని చెప్పందే ఆయన కదిలేవాడు కాదు.

ఏప్రిల్ చివరి వానలకి గోడ చెక్కబాట మీదికి ఒరిగింది. సందు పూడ్చెయ్యమంది మేనేజరు లొరేన్.

"మరి పిట్టలో?" అన్నాడు మెర్విన్.

"ఈపాటికి సముద్రంలో ఉంటాయిగా. గుడ్లు పెట్టే వేళకి పక్కనే చెక్కపెట్టె పెడదాం. నువ్వే చూసి చెప్పు, నీ మాటే నాకు ఖాయం."

చూశాడు. ఎప్పుడూ చూసే పద్ధతే. సందు మూతి దగ్గర సన్నపుల్లలు వరసగా గుచ్చి నిలబెట్టాడు. పిట్ట వచ్చినా పోయినా అవి పడాలి. మూడు రోజులైనా ఒక్కటీ పడలేదు. టార్చి వేస్తే వెలుగు లోపలి మలుపు దాకానే వెళ్లింది. ఇక సున్నం కలిపి, రాళ్లు పేర్చి, ఎవరూ వంక పెట్టలేనంత చక్కగా మూసేశాడు.

పెంగ్విన్లను లెక్కబెట్టే నోరీన్, చెల్లెలి ఆపరేషన్ అయ్యాక మే నెల మధ్యలో తిరిగొచ్చింది. గోడ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని చేశావు మెర్విన్! ఈ ఏడు వాటికి ఈకలు రాలడం ఆలస్యమైందయ్యా. నేను వెళ్లేనాటికి అప్పుడే మొదలైంది!"

ఈకలు రాలి కొత్తవి మొలిచేదాకా ఆ పిట్ట నీళ్లలోకి దిగదు, తిండి తినదు. రెండుమూడు వారాలు గూట్లోనే ముడుచుక్కూచుంటుంది. ఇక పుల్లలెలా పడతాయి? ఆ సంగతి తెలియనివాడా ఆయన? వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడే! మార్చికల్లా అయిపోతుందిలే అనుకున్నాడు, ఏటా అంతే కదా అని. ఆ ధీమాయే కొంప ముంచింది.

"బతికుంటాయేమో, నోరీన్..." అంటూ ఉలి అందుకున్నాడు. ఇంత గట్టిగా ఎందుకు కట్టానురా దేవుడా అని ఏడుస్తూనే తవ్వాడు.

రెండూ సున్నం వెనకే ఉన్నాయి. ముక్కులు అరిగిపోయాయి. ఒంటినిండా కొత్త ఈకలు, నీలంగా నిగనిగలాడుతూ. సముద్రంలో ఒక్కసారీ తడవలేదవి.

"నీ తప్పు కాదులే" అంది లొరేన్.

"మరెవరిదమ్మా?" అన్నాడు.

ఇప్పుడా సందు తెరిచే ఉంది. గోడ పడకుండా దుంగలు ఆనించారు. ఆ దుంగలేవో ముందే ఆనించి ఏడవచ్చుగా! మెర్విన్ ఇప్పటికీ సాయంత్రం పుల్లలు నిలబెట్టే ఇంటికెళ్తాడు. వస్తానర్రా అని మాత్రం అనడు. పొద్దున్నే వచ్చి వంగి చూస్తాడు. ఒక్కటీ పడి ఉండదు.