వదులు, నాది

ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ ఒక అబద్ధం బరువు మోశానని మొదలుపెడితే నువ్వు జాలిపడతావు. పడొద్దు. అబద్ధం నాది. బరువు మోసింది వేరొకడు. నాకు మిగిలిందల్లా వాడి పేరు ఎవరైనా ఎత్తినప్పుడు మాట మార్చడం. అన్నం మానేసిన రోజు ఒక్కటీ లేదు. నిద్ర బాగానే పట్టేది. ఇది ముందే తెలుసుకుని చదువు.

నేను ఫుట్‌బాల్ కీపర్‌ని. పెద్ద కీపర్‌ని కాదు, నా పేరు నువ్వు విని ఉండవు. బెంగుళూరు, గోవా, కలకత్తా, మళ్ళీ బెంగుళూరు, వేసవిలో కేరళ పల్లెల్లో వెదురు గ్యాలరీల మధ్య ఏడుగురేసి ఆడే ఆటలు. ఏ క్లబ్బులో అయినా ఒక సీజను, మహా అయితే రెండు. ఎక్కువ కాలం రెండో కీపర్‌ని. అంటే ఆట మొదలయ్యే ముందు మొదటి కీపర్ చేతులు వేడెక్కేదాకా వాడికి బంతులు కొట్టి, తర్వాత బెంచీ మీద కూర్చుని వాడికి దెబ్బ తగలాలని కోరుకునేవాణ్ణి. పైకి ఎవరూ ఒప్పుకోరు. అందరు రెండో కీపర్లూ కోరుకునేది అదే.

మాది పామిడి. మా నాయనకు బట్టల అంగడి ఉండేది. ఆ అంగడిలో మూటలు దించే మనిషి కొడుకు ప్రభుదాసు. నా ఈడువాడే. మేమిద్దరం పెన్నలో ఇసుక మీద ఆడుతూ పెరిగాం. ఏటిలో నీళ్ళు పారిన రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు, ఇసుక మాత్రం గుర్తుంది. వాడు డిఫెండర్. నా ముందర నిలబడేవాడు. వాడి వీపు చూసి బంతి ఎటు వస్తుందో చెప్పగలిగేవాణ్ణి. అంత అలవాటు.

అనంతపురంలో ఒక కాలేజీ మైదానంలో ఫైనల్. మాకూ గోరంట్లకూ. బెంగుళూరు క్లబ్బు నుంచి ఒకాయన వచ్చాడు, మా ఇద్దరినీ చూడడానికి. మా నాయన అంగడి మూసి వచ్చాడు. ఆయన వెనకే దాసు వాళ్ళ నాయన, చేతిలో మా నాయన గొడుగు పట్టుకుని.

నేను ఆ రోజు బాగా ఆడాను. అది కూడా ఒప్పుకోలులో భాగమే, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదాన్ని ఆ మంచి ఆటే కప్పేసింది. ఆట చివరికొచ్చింది. ఎవరికీ గోలు లేదు. మధ్యలోంచి ఎవడో బంతిని గుడ్డిగా పైకి తన్నాడు. గరుసు నేల, బంతి పడి నిలువెత్తు లేచింది. దాసు దాని కింద ఉన్నాడు. తలతో బయటికి కొట్టేస్తే అయిపోయేది. నేను అరిచాను.

"వదులు దాసూ, నాది!"

వాడు వదిలాడు. ఎగరబోయినవాడు ఆగి, తల పక్కకు తీసి నాకు దారి ఇచ్చాడు. నేను రెండు అడుగులు వేశాను. అప్పుడు గోరంట్లవాడు కనిపించాడు. పళ్ళు బిగించి, మోకాలు లేపి వస్తున్నాడు. అంతకు ముందే ఇట్లాంటి బంతి కోసం ఎగిరిన ఒక కీపర్ దవడ పగలడం నా కళ్ళతో చూశాను. నేను ఆగిపోయాను. కాలు జారలేదు. ఎండ కళ్ళలో పడలేదు. ఆగిపోయాను. భయపడ్డాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, అబద్ధం సంగతి రాయడం కంటే ఇదే కష్టంగా ఉంది. చూశావా ఎంత నీచమో? ఒకడి బతుకు చెడగొట్టానని చెప్పగలను, పిరికివాణ్ణని చెప్పలేకపోయాను.

గోలు పడింది. ఆట అయిపోయింది.

మాకు ఆట నేర్పే సారు పరుగున వచ్చి దాసు చొక్కా పట్టుకున్నాడు. బంతి ఎందుకు వదిలావన్నాడు. వాడు ఆశ్చర్యంగా నా వైపు చూపించి, "కీపర్ పిలిచినాడు సార్" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. బెంగుళూరు ఆయన కూడా గీత దాటి వచ్చి నిలబడ్డాడు.

"నేను పిలవలేదు సార్" అన్నాను. అది చాలలేదనిపించింది. "నేను కేకలేసే రకం కాదు, మీకు తెలుసు గదా సార్."

మిగతావాళ్ళు దూరంగా ఉన్నారు. జనం గోల చేస్తున్నారు. విన్నవాడు ఒక్కడే, వాడు దాసు. అంతలో మావాడొకడు అన్నాడు, ఆ గోలు కొట్టింది దాసు మేనమామ కొడుకు కదా అని. గోరంట్ల అంటే దాసు వాళ్ళమ్మ పుట్టినూరు. ఇంకేం కావాలి? మామ ఊరికి ఆట అప్పజెప్పాడన్నారు. నేను కాదనలేదు. ఔననీ అనలేదు. గమ్మున గ్లోవ్స్ విప్పుకున్నాను.

దాసు వాళ్ళ నాయన మైదానం మధ్యలోకి నడిచి వచ్చాడు. గొడుగు కింద పెట్టాడు. చెప్పు తీశాడు. కొడుకును అందరి ముందర కొట్టాడు. కొడుతూ కొడుతూ మధ్యమధ్య మా నాయన వైపు చూశాడు. ఆ చూపు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ దెబ్బలు కొడుకు కోసం కావు, మా నాయనకు చూపించడానికి. మా నాయన చూశాడు. చాలు అనలేదు. దాసు చేతులు అడ్డం పెట్టుకోలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు. దెబ్బ పడినప్పుడల్లా తల ఊగేది, చూపు మాత్రం నా మీదే ఉండేది. నేను ఏం చేశానో చెప్పనా? వంగి బూట్ల తాడు విప్పాను. విప్పి మళ్ళీ కట్టాను.

బెంగుళూరు ఆయన నన్ను తీసుకున్నాడు. దాసును వద్దన్నాడు. వారం తిరక్కముందే మా నాయన దాసు వాళ్ళ నాయనను పనికి రావద్దన్నాడు. నమ్మకం లేని ఇంటి మనిషి అంగట్లో ఎందుకన్నాడు. వాళ్ళు తనకల్లు దగ్గర బంధువుల పంచన చేరారు. అక్కడ వాన పడితే వేరుశెనక్కాయ, పడకపోతే కూలి. నేను ట్రంకు పెట్టె పట్టుకుని రైలెక్కాను.

నా ఆట సంగతి కూడా విను. దీన్ని శిక్ష అనుకోవద్దు, నాకు ఆ గౌరవం ఇవ్వొద్దు. కీపర్‌కు చేతులెంత ముఖ్యమో గొంతు అంత ముఖ్యం. కొత్త ఊరికి పోతే మొదట నేర్చుకునేది అక్కడి డిఫెండర్లకు అర్థమయ్యే ఒక్క మాట: వదులు. కన్నడంలో బిడు. హిందీలో ఛోడ్. నేను ప్రతిచోటా ఆ మాట నేర్చుకున్నాను. ఒక్కచోట కూడా అనలేకపోయాను. నోరు తెరిస్తే గాలి వచ్చేది. కేకలేసే రకం కాదన్నాను కదా, అదే అయిపోయాను. చేతులు బంగారం, నోరు లేదు అనేవాళ్ళు కోచ్‌లు. నోరు లేని కీపర్‌ను ఎవరు మొదటి కీపర్‌గా పెడతారు? నన్ను బెంచీ మీద కూర్చోబెట్టినప్పుడల్లా నేను కోచ్‌లను తిట్టుకున్నాను. ఎక్కువగా దాసును తిట్టుకున్నాను. అవును, వాణ్ణే. వాడు ఆ బంతిని కొట్టేసి ఉంటే సరిపోయేది కదా, నా మాట ఎందుకు వినాలి అని. తప్పు చేసినవాడికి కోపం ఎవరి మీద వస్తుందో నీకూ తెలిసే ఉంటుంది. తెలియనట్టు మొహం పెట్టకు.

మోకాలు పోయాక ఊరికి తిరిగి వచ్చి, ఏటికి దూరంగా మెట్ట పొలం కొన్నాను. బోరు వేయించాలని బండి పిలిపించాను. దానిమీద నుంచి దిగినవాళ్ళలో ఒకడు నేరుగా నా దగ్గరికి వచ్చాడు. తల నుంచి కాళ్ళదాకా తెల్లటి రాతి దుమ్ము. కళ్ళు చూసి గుర్తుపట్టాను.

మధ్యాహ్నం అన్నాలకు బండి ఆపారు. ఆ మోత ఆగాక చెవులు గుయ్యిమన్నాయి. దాసు నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"బాగుండావాప్పా?"

"బాగుండా."

"ఒక మాట అడుగుతా. కోపం చేసుకోవద్దు. ఆ పొద్దు నువ్వు కేక వేసినావా, లేదా?"

"ఇంగా అదేనా దాసూ?"

"అదే. యాడికి పోతాది? ఆ పొద్దునుంచి నాకు ఏది విన్నా అనుమానమే. నా పెండ్లాం పిలిచినా, పిలిచిందా లేదా అని ఒక తూరి నిలబడి చూస్తా. ఈ బండి మీద ఆపు అని అరుస్తారు. నిజంగా అరిచినారా అని తిరిగి చూస్తా. అట్ల చూసేలోపల ఇది పాయ." కుడి చెయ్యి చాపాడు. చూపుడు వేలు సగమే ఉంది.

నేను ఆ చేతి మీదనుంచి చూపు తిప్పుకున్నాను. వాడు ఇంకా మెల్లగా అన్నాడు.

"ఈడ ఎవరూ లేరు. మీ నాయన లేడు, మా నాయనా పోయినాడు. ఇంగ ఎవరికి భయపడాల? వేసింటే వేసినా అను. నేనేమీ అనను. నా చెవులు బాగుండాయని తెలిస్తే చాలు నాకు."

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు కాదు. ఎదురుగా మోకాలు లేపి వచ్చేవాడెవడూ లేడు. నా క్లబ్బు, నా బెంచీ అన్నీ అయిపోయాయి. నిజం చెబితే పోయేది ఏమీ లేదు. మరి ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నాకు నేనే ఎన్నోసార్లు వేసుకున్నాను, వేసుకున్న ప్రతిసారీ ఏదో ఒక మర్యాదైన జవాబు దొరికేది, వాడికి పాత గాయం రేపడం దేనికని, ఇంటికి పోయి పెండ్లాం బిడ్డలతో ఉండనీ అని. అన్నీ బూటకం. వాడు అంత మెత్తగా అడగడం నాకు ఒళ్ళు మండించింది. తిట్టి ఉంటే చెప్పేవాణ్ణేమో. క్షమిస్తానని ముందే చెయ్యి చాపి కూర్చున్నాడు. ఆ చేతిని పట్టుకుంటే నేను వాడి కంటే తక్కువవాణ్ణని ఒప్పుకున్నట్టే. మా అంగట్లో మూటలు దించినాయన కొడుకు కంటే తక్కువవాణ్ణని. ఇదీ అసలు సంగతి.

"వేయలేదు దాసూ" అన్నాను.

వాడు తల ఊపాడు. "సరే. అట్లయితే నా చెవులదే తప్పు" అన్నాడు. లేచి బండి దగ్గరికి పోయాడు.

సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. మొహం నిండా బురదతో వాడే పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. నాకంటే వాడే ఎక్కువ సంతోషపడ్డాడు. ఆ నీళ్ళతో నేను దానిమ్మ పెట్టాను.

మొన్న పామిడిలో కుర్రాళ్ళ పోటీలు పెట్టి, నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. మైకు పట్టుకున్నాయన పాత ఫైనల్ సంగతి ఎత్తాడు. ఈయన ఒక్కడే కోటగోడలాగా నిలబడితే, మామ ఊరికి ఆట అమ్మేసిన మహానుభావుడు ఒకడున్నాడని అన్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీద ఉండగానే ఫోటో తీశారు.

ఆ ఫోటో చూసి నాకు అసహ్యం పుట్టింది. అంతే, అంతకంటే గొప్ప కారణం లేదు. మరుసటి ఉదయం తనకల్లు బస్సెక్కాను. దాసు ఇంటి ముందర పెండ్లాంతో కలిసి విత్తనాలకని కాయలు వలుస్తున్నాడు. నిలబడే చెప్పాను. కేక వేశాను, రెండు తూర్లు అబద్ధం చెప్పాను, భయపడి ఆగిపోయాను, మొన్న పామిడిలో నిన్ను చూసి జనం నవ్వితే నేనూ నవ్వాను. ఆమె చేతులు ఆగిపోయాయి. వాడు మాత్రం ఇంకో నాలుగు కాయలు వలిచాడు.

"నాకేమిటికి చెప్తావు?" అన్నాడు చివరికి. తల ఎత్తలేదు. "మా నాయనకు చెప్పింటే బాగుండు. సచ్చేముందర కూడా నా చెయ్యి పట్టుకుని, నిజం చెప్పురా, మామకోసం వదిల్తివా అని అడిగినాడు. నాకు తెలియదు నాయనా అంటి. తెలియదు అంటిని!" అప్పుడు నన్ను చూశాడు. బోరు దగ్గరి మెత్తదనం ఆ కళ్ళలో లేదు. "పామిడిలో నగినోళ్ళుండారు గదా. పోయి వాళ్ళకు చెప్పు. ఈడికి ఇంగ రావద్దు."

మైకు పట్టుకున్నాయనకు ఫోను చేశాను. అంతా విని, "ఊరుకోప్పా, ఎప్పటిదో. ఇప్పుడు ఎవరికి కావాల?" అన్నాడు. శాలువా కప్పినందుకు తన పరువు పోతుందని కూడా అన్నాడు. ఇంకా ఇద్దరికి చెప్పాను. ఒకడు నవ్వాడు, ఒకడు నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.

అందుకే నీకు రాస్తున్నాను. నవ్వినవాళ్ళకు చెప్పమన్నాడు వాడు, వాళ్ళు వినలేదు. నా పేరు పెట్టకుండా చెబుతున్నాను, ఇది సగం చెప్పడమేనని నాకు తెలుసు. ఇక్కడ కూడా రెండు అడుగులు వేసి ఆగిపోయాను. దాన్ని కూడా రాసుకో.

నువ్వు నన్ను ఏమనుకున్నా నాకు పనిలేదు. క్షమించే హక్కు నీకు లేదు, ఉన్నవాడు ఇవ్వలేదు. అయినా ఈ మాటలు బయటపడ్డాక గొంతులో కాస్త గాలి ఆడుతోంది. అంతవరకే. ఆ రోజు దాసు ఎవరికీ అమ్ముడుపోలేదు. వాడి చెవులకు ఏ రోగమూ లేదు. నేను పిలిచాను, వాడు విన్నాడు, నన్ను నమ్మి బంతి వదిలాడు.