అక్క బడి కోసం ఒక పాత ల్యాప్‌టాప్

హోసూరులో నేను పనిచేసిన యూనిట్‌లో ఆఫీసు కంప్యూటర్లన్నీ నా చేతిలోనే ఉండేవి. ఏది మొరాయించినా నన్నే పిలిచేవాళ్ళు. నేను వెళ్ళి కూర్చుంటే ఎలాగో ఒకలా అది దారికొచ్చేది. ఆ ధీమాతోనే, పాత ల్యాప్‌టాప్‌లను తుక్కు కింద తీసేస్తున్నారని తెలియగానే వాటిలో ఒకటి నాకివ్వమని అడిగాను. రెండువేల ఆరు, ఏడు ప్రాంతం అది.

మేనేజరు నవ్వాడు. "అది తెరుచుకునే లోపల టీ తాగి రావచ్చమ్మా. దాంతో ఏం చేసుకుంటావు?"

"మా అక్క బడికిస్తాను సార్."

డెంకణికోట దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో అక్క తెలుగు మీడియం ఎలిమెంటరీ టీచరు. ఆ పిల్లల ఇళ్ళలో తెలుగు, బస్సు బోర్డుల మీద తమిళం, సంతలో సగం కన్నడం. పెద్ద బడికి వెళ్ళాక కంప్యూటరు గదిలో అంతా ఇంగ్లీషు. ఆ గది గుమ్మం దగ్గరే నిలబడిపోయామని పిల్లలు తిరిగొచ్చి అక్కకు చెప్పేవాళ్ళు. అది ఆమెకు గుచ్చుకుంది.

"తెలుగులో చదివేదానికి అయ్యే కంప్యూటర్ ఒగటి ఈడికి తెచ్చియ్యమ్మా. దాన్ని తాకితే భయం పోతాది. ఆమైన ఇంగ్లీషు వాళ్ళే నేర్చుకుంటారు," అంది.

కంప్యూటరును నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేరుతో ఆ పని అవుతుందని నాకు తెలుసు. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్ళు కొందరు తీరిక వేళల్లో కూర్చుని దాని మెనూలను తెలుగులోకి తెస్తున్నారు. బెంగళూరులో ఉన్న స్నేహితురాలు డిస్కులు కాపీ చేసి పంపింది. ఒక ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని డెంకణికోట బస్సెక్కాను.

రాగి చేలు కోతకొచ్చిన రోజులు. ఏనుగులు దిగకుండా చేనుకి కాపలా కాసి వచ్చి బావ లోపల నిద్రపోతున్నాడు. అక్కా నేనూ వసారాలో చాప వేసుకుని గుసగుసగా మాట్లాడుకుంటూ పని మొదలుపెట్టాం.

మొదటి డిస్కు సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. బొమ్మలతో నడిపించే ఆ పద్ధతికి ఈ ల్యాప్‌టాప్‌లో మెమరీ చాలదు. ఇలా అవుతుందనుకునే, అక్షరాలతో మాత్రమే నడిచే ఇంకో డిస్కు కూడా తెచ్చాను. నీలం తెర మీద ప్రశ్నలు ఒక్కొక్కటే వచ్చాయి. జవాబులు చెబుతూ పోయాను. మధ్యాహ్నానికి ఇన్‌స్టాల్ అయిపోయింది. ఆపి మళ్ళీ వేశాను. తెర నల్లగా ఉండిపోయింది.

అక్క ముఖం వాడిపోయింది. "ఏమైందమ్మా? సచ్చిపోయిందా?"

"లేదు కా. బొమ్మ మాత్రమే రాలేదు. లోపల బాగనే ఉండాది."

మూడు మీటలు కలిపి నొక్కితే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. ఈ ల్యాప్‌టాప్‌లో బొమ్మను చూపించే భాగమేదో లినక్స్ సరిగా గుర్తుపట్టలేకపోయింది. సెట్టింగుల ఫైలు తెరిచి, దాని పేరున్న చోట అన్నిటికీ పనికొచ్చే మామూలు డ్రైవరు ప్రోగ్రాము పేరు రాసి, మళ్ళీ నడిపించాను. తెర వెలిగింది. ఆపైన భాష మార్చాను. మెనూలన్నీ తెలుగులో వచ్చేసరికి ఇద్దరం ఒకేసారి అరిచాం. ఏనుగులొచ్చాయనుకుని బావ లేచి బయటికి పరుగెత్తుకొచ్చాడు.

ఆయన్ను సమాధానపరిచి ఇటు తిరిగేసరికి అక్క తెరకు ముఖం ఆనించి ఏదో చూస్తోంది.

"ఇదేంది? దస్త్రం అని కదా ఉండాల్సింది?"

అప్పుడు చూశాను. మెనూలో ఫైలుకు బదులు పెట్టిన మొట్టమొదటి మాటే అది. 'స' కింద ఉండవలసిన 'త' వత్తు విడిపోయి పక్కకొచ్చి నిలబడింది. 'ర' వత్తు దానికి తగలకుండా ఇంకెక్కడో వేలాడుతోంది. అమ్మ, అక్క, పువ్వు టైపు చేసి చూస్తే చక్కగా వచ్చాయి. శాస్త్రం, రాష్ట్రం మాత్రం ముక్కలైపోయాయి. ఒక అక్షరం కింద రెండు వత్తులు పడితే చాలు, చెదిరిపోతోంది.

"ఎప్పుడో ఒగసారి వచ్చే మాటలే కదక్కా. పరవాలేదులే," అన్నాను.

"తప్పక్షరం పిల్లోళ్ళకు నేను చూపీను. బోర్డు మీద రాస్తే తుడిచేస్తాను. దీన్ని యాడ తుడిచేది? సరి అయినాక తెచ్చియ్యి."

ఆమె గొంతులో కోపమేమీ లేదు. పలక మీద వంకర గీత పడితే పిల్లల చేత మళ్ళీ దిద్దించే గొంతు అది. ల్యాప్‌టాప్ మళ్ళీ సంచిలోకెక్కింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తే అక్క మాటే సరైనదనిపించింది. ఈసారి చిక్కు నా చేతిలో లేదు. అయినా దీన్ని తయారు చేసినవాళ్ళను అడిగే దారి ఉంది.

హోసూరు బస్టాండు దగ్గరి బ్రౌజింగ్ సెంటరులో కూర్చుని, తెలుగు లినక్స్ వాళ్ళ ఈమెయిల్ గుంపుకి మొత్తం వివరంగా రాశాను. ముక్కలైన మాటల ఫోటో కూడా జతచేశాను. కొద్దిరోజుల్లోనే ముఖమెరుగని మనిషి ఒకరు జవాబిచ్చారు. అక్షరాలను పేర్చే భాగంలో ఆ లోపం ఉందనీ, దాన్ని సరిచేసిన కొత్త రూపం ఇంకా పరీక్షలో ఉందనీ, మీరూ వేసి చూసి చెప్పండనీ రాశారు. దాన్ని పెన్‌డ్రైవులో తెచ్చుకుని వేయబోతే, ముందు ఇంకో ప్రోగ్రాము ఉంటేనే ఎక్కుతానంది. దాన్ని తెస్తే, దానికి మరొకటి కావాలట. వారం వారం బ్రౌజింగ్ సెంటరుకి వెళ్ళి, కావలసినవన్నీ ఒక్కొక్కటిగా తెచ్చి పేర్చాను. చివరికి ఒక సాయంత్రం శాస్త్రం అని కొడితే శాస్త్రమనే వచ్చింది. వత్తులు రెండూ ఒకదాని కింద ఒకటి కుదురుగా నిలబడ్డాయి. ఆ మనిషికి సంగతి రాసి, ల్యాప్‌టాప్‌తో మళ్ళీ అక్క ఊరికి వెళ్ళాను.

అక్క మెనూలన్నీ మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది. అక్షరాలకు వంక పెట్టలేదు. మాటలకు పెట్టింది.

"నిష్క్రమించు అంటే మా పిల్లోళ్ళకి ఏం తెలుస్తాది? బయటికి వెళ్ళు అని రాసేదానికేమి వాళ్ళకి?"

"అది కూడా చెప్పొచ్చు కా. చెప్తే మారుస్తారు."

ఆమె నమ్మలేదు. అయినా తనకు నచ్చని మాటలన్నీ చెప్పింది, నేను గుంపుకి రాశాను. కొన్నింటి మీద వాళ్ళలో వాళ్ళకే పెద్ద చర్చ జరిగింది. దస్త్రాన్ని ఫైలు చేయమంటే ఒప్పుకోలేదు. నిష్క్రమించును మాత్రం మార్చారు. తర్వాతి డిస్కులో 'బయటికి వెళ్ళు' అని కనబడ్డప్పుడు అక్క నన్ను పక్కకు జరిపి తానే దాన్ని నొక్కి చూసింది. తర్వాత క్లాసుకి వెళ్ళి, ఆ మాట నేనే చెప్పినాను అని పిల్లలకు చెప్పుకుందట.

బడిలో దాన్ని బల్ల మీద పెట్టిన మొదటి రోజు నేనూ అక్కడే ఉన్నాను. బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి కరెంటు పోతే అదీ పోయేది. పిల్లలకు అదేమీ పట్టలేదు. కరెంటు వచ్చేదాకా చుట్టూ కూర్చుని వంతు ఎవరిదో పోట్లాడుకున్నారు. ఒకమ్మాయి తెర మీద చెత్తబుట్ట అని చదివి పకపకా నవ్వింది. ఇంకొకతె తన పేరు కొట్టుకుని, కింద వాళ్ళ మేకల పేర్లన్నీ కొట్టింది.

మరుసటి ఏడాది కృష్ణగిరిలో టీచర్ల శిక్షణ జరిగినప్పుడు, అక్క చెప్పింది విని ఇంకో తెలుగు బడి టీచరమ్మ తమ దగ్గర మూలపడ్డ కంప్యూటరు ఉందంది. నేను సెలవు పెట్టి వస్తానన్నాను.

"నువ్వు వద్దులేమ్మా. డిస్కులు మాత్రం ఇచ్చి పంపించు," అంది అక్క.

అక్క ఆ బడికి వెళ్ళిన రోజు యూనిట్‌లో పనిచేస్తున్నానే గానీ నా ధ్యాసంతా ఫోను మీదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమే చేసింది. ఇన్‌స్టాల్ అయిందనీ, శబ్దం రాకపోతే వెతికి వెతికి సెట్టింగుల్లో దాన్ని ఆపేసి ఉందని తానే కనిపెట్టాననీ చెప్పింది.

"ఇంగేమైనా సందేహం ఉండాదా కా?" అన్నాను.

"ఏమీ లేదు. కల్లావి నుంచి ఒగాయప్ప వచ్చి నిలబడుకోనుండాడు, వాళ్ళ బడికీ వెయ్యాలంట. పెట్టేస్తాను," అని ఫోను పెట్టేసింది.