ఖాదర్‌బాషా చూపించిన చోటు

ఖాదర్‌బాషా తిరువూరు డిపోలో ముప్ఫై రెండేళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మనిషైతే రిటైరయ్యాడు గానీ నోరింకా డ్యూటీలోనే ఉంది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు దాకా అన్నిటికీ ఆయన దగ్గర ఒక సలహా సిద్ధం. మూడు నెలలు భరించి భార్య జైతున్‌బీ చేతులెత్తేసింది.

"సుప్రజమ్మ వాళ్ళ సంఘంలో అర్జీలు రాసేవాళ్ళు కావాలంట. ఆ సలహాలేవో వెళ్ళి అక్కడ చెప్పండి" అంది.

కూలి ఆడవాళ్ళ హక్కుల కోసం సుప్రజ నడిపే చిన్న సంఘం అది. బస్టాండు వెనక ఒక గది, ఆరు కుర్చీలు. ఖాదర్‌బాషా అడుగుపెట్టిన వారంలోనే అర్జీలకి కళ వచ్చింది. ఏ ఆఫీసుకి వెళ్ళినా, వెంట వచ్చిన మనిషి నోరు తెరిచేలోపు సంగతంతా ఆయనే చెప్పేసేవాడు. మంచివాడే పాపం, ఆగడమే తెలియదు.

కిందటేడు మామిడి సీజన్లో సంఘం సభ్యురాలు ప్రేమకుమారి ఆస్పత్రి పాలైంది. ఆమెది గంపలగూడెం. విస్సన్నపేట రోడ్డులో సుందరరాజు యార్డులో కాయలు ఏరి ట్రేలకెత్తే పని. పొద్దున్నే ఏడింటికి షేర్ ఆటో దిగితే సాయంత్రం ఆరు దాకా అక్కడి నలభై మంది ఆడవాళ్ళకి ఒంటికి వెళ్ళే చోటు లేదు. అందుకని ఏప్రిల్ ఎండల్లో కూడా గుక్కెడు నీళ్ళు తాగరు. ప్రేమకుమారికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇంకోసారి ఇలా అయితే కిడ్నీలకే ముప్పు, నీళ్ళు బాగా తాగమని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"తాగితే వెళ్ళాలి కదండీ" అంది ఆమె మంచం మీద నుంచే.

పక్కనే ఉన్న ఖాదర్‌బాషా ఆ మాట విన్నాడు. అర్జీ పట్టుకుని నెల రోజులు సుందరరాజు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి సుందరరాజే విసిగిపోయి, "చోటు మీరు చూపించండి బాషా గారూ, గది నేను కట్టిస్తా" అన్నాడు. ఎవరినీ అడగకుండా ఖాదర్‌బాషా గేటు పక్కన వేలు పెట్టి చూపించాడు. కండక్టరు లెక్క ఆయనది. బస్సు స్టాపు ఎక్కడుండాలి? అందరికీ కనబడేచోట. పైగా అక్కడ కుళాయి ఉంది, లైటు ఉంది. కొత్త సీజన్ మొదలయ్యేసరికి నీలం తలుపుతో మరుగుదొడ్డి లేచింది. రిబ్బను కట్టించి ప్రేమకుమారి చేత కత్తిరింపించాడు కూడా.

వారం గడిచింది. ఒక్క మనిషీ ఆ తలుపు తీయలేదు. ప్రేమకుమారికి మళ్ళీ మంట మొదలైందని తెలిసి, సంఘం మీటింగులో ఖాదర్‌బాషా ఒంటికాలి మీద లేచాడు.

"నెల రోజులు తిరిగి కట్టిస్తే వాడుకోవడానికి ఏం రోగం మీకు?"

ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. సుప్రజ మాత్రం నెమ్మదిగా అంది. "రేపొకసారి గేటు దగ్గర కూర్చోండి బాషా గారూ. ఎవరితోనూ మాట్లాడకండి. ఊరికే చూడండి."

మాట్లాడకుండా కూర్చోవడం ఆయన జీవితంలో అదే మొదలు. గేటు ఎదురుగా టీ కొట్టు. బెంచీల మీద లారీ డ్రైవర్లు, హమాలీలు ముప్ఫై మంది దాకా ఉన్నారు. అందరి మొహాలూ నీలం తలుపు వైపే. పదింటికి ప్రేమకుమారి షెడ్డులోంచి లేచి వచ్చింది. బెంచీల మీద మాటలు ఆగాయి. ఎవడో చిన్నగా దగ్గాడు, ఇంకెవడో నవ్వాడు. ఆమె తలుపు దాకా వెళ్ళి, పక్కకి తిరిగి, కుళాయి కింద చేతులు కడుక్కుని వెనక్కి వెళ్ళిపోయింది. ఖాదర్‌బాషాకి తల కొట్టేసినట్టయింది. తనూ ఆ మగాళ్ళ మధ్యనే కూర్చుని, ఆమె లోపలికి వెళ్తుందా లేదా అని కళ్ళప్పగించి చూస్తున్నాడు.

ఇంటికి వచ్చి జైతున్‌బీకి చెప్పుకున్నాడు. ఆమె గ్లాసులో టీ పోస్తూ, "పెళ్ళైన కొత్తలో మీ బస్సులో విజయవాడ దాకా వచ్చేదాన్ని. దారిలో ఎక్కడైనా దిగానా?" అంది.

"లేదు."

"ఎందుకు దిగలేదని మీరడగలేదు, నేను చెప్పలేదు."

మర్నాడు ఆయన షెడ్డులోకి వెళ్ళి, మామిడికాయల మధ్య గొంతుక్కూర్చుని, "తప్పు నాదమ్మా. చోటు మీరు చూపించండి" అన్నాడు. నలభై మందీ ఒక్కసారి మాట్లాడారు. వాదించుకున్నారు, నవ్వుకున్నారు, ఒకరినొకరు వెక్కిరించుకున్నారు. గంటలో లెక్క తేల్చారు. కొత్త గది అక్కర్లేదు. గేటు వైపు తలుపు తీసేసి ఇటుకలు పేర్చాలి, వెనక గోడకి తలుపు పెట్టాలి, షెడ్డు నుంచి అక్కడిదాకా రేకుల దడి కట్టాలి.

సుందరరాజు ఇంతెత్తున లేచాడు. "కట్టింది పగలగొట్టమంటారా? ఏంటి బాషా గారూ ఇది?"

ఖాదర్‌బాషా గొంతు దాకా సమాధానం వచ్చింది. మింగేశాడు. ఆ మింగడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. ఆయన ఊరుకుంటే ప్రేమకుమారి ముందుకొచ్చింది.

"ఆయన్ని కాదండీ, నన్నడగండి. మీ కాయలు ఏరేది మేము. నిరుడు మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నా. ఈసారి పడితే మళ్ళీ లేస్తానో లేదో తెలీదు. మీ ఇంట్లో ఆడవాళ్ళైతే ఆ తలుపు తీస్తారా?"

సుందరరాజు టీ కొట్టు వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. "మేస్త్రికి ఫోన్ చేస్తాను" అన్నాడు.

మూడో రోజుకి దడి లేచింది. ఖాదర్‌బాషా పొద్దున్నే వచ్చి వెనక తలుపు గడియ సరిగ్గా పడుతోందో లేదో నాలుగుసార్లు వేసి చూశాడు. ప్రేమకుమారి ఒక చెంబెడు నీళ్ళు గటగటా తాగి, మూతి తుడుచుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

"బాషా గారండీ, మీరున్నారని మావాళ్ళు మొహమాటపడుతున్నారు. కాస్త అలా వెళ్ళి రండి."

వెనక నుంచి కిసుక్కున నవ్వులు వినబడ్డాయి. ఆయనా నవ్వాడు. గేటు దాటి, రోడ్డు దాటి, యార్డు కనబడనంత దూరం నడిచి అక్కడ ఒక కల్వర్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు ఎంతమంది ఆ తలుపు తీశారో ఆయనకి ఇప్పటికీ తెలియదు.