తోక మారిన పేరు

అద్దకం కార్ఖానాలో సామాన్ల గది చూసే ఆవిడను అందరూ ముత్యాలక్క అనేవారు. అసలు పేరు అది కాదు, చేతిరాత అలా ఉండేది. రసాయనాలు పెద్ద పీపాల్లో వస్తే డబ్బాల్లోకి మార్చి, పేరు రాసి అంటించడం ఆవిడ పని. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆవిడ సొంత అక్క మొగుడు. ఆయన అక్కడే రంగు తొట్ల దగ్గర పనిచేసేవాడు.

ఓ వానపొద్దున సల్ఫైట్ పీపా, సల్ఫైడ్ పీపా ఒకే బండిలో దిగాయి. 'ఒకడు ట అంటాడు, ఇంకొకడు డ అంటాడు, సరుకు ఒకటేగా' అనుకుని ముత్యాలక్క అన్ని డబ్బాల మీదా సల్ఫైట్ అనే రాసేసింది.

మధ్యాహ్నం బావ, తెల్లబరిచిన నూలులో మిగిలిన మందు ఘాటు విరగ్గొట్టడానికి సల్ఫైట్ అని రాసిన డబ్బాలోంచి పొడి పోశాడు. అందులో ఉన్నది సల్ఫైడ్, తొట్టి నీళ్ళలోని ఆసిడ్ తగిలి విషవాయువు లేచింది. కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమంది. ఆయన అక్కడే కూలిపోయాడు. ప్రాణం దక్కింది గానీ, వాసన తెలియడం పోయింది.

ఆస్పత్రి వరండాలో ముత్యాలక్క కార్ఖానా కెమిస్టుని నిలదీసింది. "ఒక్క అక్షరంలో అంత ఏముందండీ?"

"ఆ తోకలోనే ఉందమ్మా అంతా. ఐడ్ అంటే గంధకంతో ఆక్సిజన్ లేదని. ఐట్ అంటే ఉందని. సల్ఫేట్‌లోలా ఏట్ అంటే ఇంకాస్త ఎక్కువని."

"ఎవరు పెట్టారీ తోకలు?"

"ఎప్పుడో ఫ్రెంచి పండితులు. ఆక్సిజన్ మొదలూ ఆసిడ్ చివరా అతికించి ఆక్సైడ్ అన్నారు. తర్వాత ఆ ఐడ్‌ని తెంచి వేరేవాటికీ తగిలించారు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు అడగలేదు, నాకు చెప్పాలని తోచలేదు."

లోపల మంచం పక్కన నిలబడి "నా వల్లే బావా" అంది.

"ఊరుకోవే పిచ్చిమొహమా! ఇక మీ అక్క కూర మాడ్చినా నాకు తెలీదు. ఎంత సుఖం!"

అక్క కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ముత్యాలక్కకు నవ్వు రాలేదు.

ఆవిడ పని మానలేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ తోకల సంగతి చెప్పేది. పేరు రాశాక ఇంకొకరి చేత పైకి చదివించేది. మళ్ళీ పొరపాటు జరగలేదు. అయితే మాత్రం, జరిగింది జరగనిదవుతుందా?

కొన్నేళ్ళకు బావకు మనవరాలు పుట్టింది. ఆయన పసిదాని నెత్తికి ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. చివరికి భార్యవైపు తిరిగి, "ఎలా ఉంటుందే?" అన్నాడు.

"పాల వాసనండీ" అంది అక్క.

ముత్యాలక్క చేతిలో గ్లాసు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.