టీ అడిగే దగ్గు

మా కోడలిని నేను ఏనాడూ ఒక్క కప్పు టీ అడిగి ఎరగను. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర దోస్తుల ముందు ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో! ఇంటి పనిలో సగం నాదే అని కూడా కలిపేవాణ్ని. ఆ సగం ఏమిటంటే, పొద్దున పాల ప్యాకెట్ తేవడం.

టీ అడగకపోవడం మాత్రం నిజమే. అడగను, దగ్గుతాను. కోడలు శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి సాయంత్రం వస్తుంది. స్కూటీ గేటు దగ్గర ఆగగానే వరండాలోంచి ఒక దగ్గు వదులుతాను. సంచీ భుజాన ఉండగానే ఆమె పొయ్యి వెలిగిస్తుంది. మా ఆవిడ పోయినప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఆవిడ ఉన్నప్పుడూ ఇదే.

పోయిన వానాకాలం ఒకరోజు స్కూటీ ఆగింది. దగ్గాను. తలుపు చప్పుడు లేదు. ఇంకా గట్టిగా దగ్గాను. కోపంగా బయటికి వెళ్లి చూస్తే, హెల్మెట్ కూడా తీయకుండా స్కూటీ మీదే కూర్చుని ఉంది. హ్యాండిల్ వదలడం లేదు. ఊపిరి అందడం లేదు.

"ఏమైంది బిడ్డా? దవాఖానకు పోదామా?"

"పోయొచ్చిన మామా, పోయిన వారమే. గుండె మంచిగనే ఉందన్నరు. మనసుకు జర ఆరాం కావాలన్నరు."

"మావాడికి చెప్పినవా?"

"చెప్పిన. గంత కష్టమైతే నౌకరి ఇడిశిపెట్టు అన్నడు మీ కొడుకు."

ఫోను చూపించింది. రాజీనామా రాసి పెట్టుకుంది. పంపడమే తరువాయి.

"క్లాసుల నాకేం కాదు మామా. గీ గేటు కాడికి రాంగనే గిట్లయితది. స్టాఫ్ రూంల ఎవలన్న దగ్గినా లేచి నిలబడుతున్న. అందరు నవ్వుతున్నరు."

అప్పుడే నాకు నిజమైన దగ్గు వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగినా మింగేశాను.

"గది పంపకు బిడ్డా. కూసో. టీ నేను పెడ్త."

అల్లం దంచి, వాకిలంతా ఘుమఘుమలాడేలా టీ పెట్టి చేతికిచ్చానని దోస్తులకు చెప్పాను. అబద్ధం. వంటింట్లో దిక్కులు చూస్తూ నిలబడి, "బిడ్డా, చక్కెర డబ్బా ఏడుంది?" అని అరిచాను.

ఆమె దిగబోయిందేమో, స్కూటీ స్టాండు కిర్రుమంది. మళ్లీ కూర్చున్నట్టుంది.

"మీరే దేవులాడుకోండ్రి మామా," అంది అక్కడి నుంచే.

ఒక్కో డబ్బా మూత తీస్తూ కిటికీలోంచి ఆ ఫోను వైపే చూస్తున్నాను. చాలాసేపటికి దాన్ని సంచీలో వేసింది. హెల్మెట్ తీసి అద్దానికి తగిలించింది. లోపలికి మాత్రం రాలేదు. నేనూ పిలవలేదు.