ఎనిమిదో రౌండు

నేను పుట్టుకతోనే అనుమానం మనిషిని. చేసే పని కూడా దానికి తగినదే దొరికింది. ఫిల్మ్‌నగర్‌లో చిన్న స్టూడియో పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా సినిమాలకు చప్పుళ్ళు చేస్తున్నాను. అడుగులు, తలుపులు, గాజులు, తుపాకులు. రోజంతా చెవులు రిక్కించి బతికేవాడికి ఇంట్లో గడియ కదిలినా నిద్ర పట్టదు. రెండేళ్ళ కిందట జూబ్లీహిల్స్‌లోని మా ఇంటి ప్రహరీ ఎవడో దూకి వెళ్ళాక, లైసెన్సు తీసుకుని పిస్టల్ కొన్నాను.

కొంటే సరిపోదు కదా. ఆదివారాలు ఊరి బయట షూటింగ్ రేంజికి వెళ్ళేవాణ్ణి. అక్కడి కోచ్ పోలీసు శాఖలో రిటైరైన మనిషి. ఆయన నేర్పిన డ్రిల్లు చిన్నది. టైమరు బీప్‌మనగానే చొక్కా ఎత్తి, పిస్టల్ తీసి, బొమ్మ గుండెల మీద రెండు పేల్చాలి. అంతా మూడు సెకన్లలో అయిపోవాలి. మిగతా రోజులు సాయంత్రం పూట ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో అదే సాధన. గరాజులో సగానికి ప్లైవుడ్ అడ్డు కొట్టించుకున్న గది ఒకటుంది నాకు. ఆ అడ్డుకు తగిలించిన క్యాలెండరే నా గురి. "తూటాల మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయినట్టు కాదండీ, స్లయిడ్ లాగి లోపల వేలు పెట్టి చూడాలి" అని కోచ్ వారం వారం చెప్పేవాడు. పక్కన నిలబడి మా డ్రైవరూ వినేవాడు.

డ్రైవరుది బోరబండ. మా దగ్గర చేరి పందొమ్మిదేళ్ళు. అయినా దసరాకు వారం ముందు అతను అడిగిన మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

"సార్, ఇంటికాడ రౌండ్లు ఎన్ని వెడ్తరు?"

డ్రైవరుకెందుకండీ తూటాల లెక్క? ఆ రోజు నుంచి అతను ఫోన్‌లో గొంతు తగ్గించినా నా చెవులు అటే.

దసరా రోజు కారుతోపాటు పిస్టల్‌కీ ఆయుధ పూజ. "ఖాళీ ఆయుధానికి పూజేంటండీ" అంది మా ఆవిడ. సరేనని ఎనిమిది రౌండ్లూ నింపిన మ్యాగజైన్ ఎక్కించి, బొట్టు పెట్టి పూజగదిలో పీట మీద పెట్టాను. పండక్కి వచ్చిన మా బావమరిది ఊరుకోడు. "బావా, సినిమాల్లో మీరు వేసే చప్పుడు నిజం తుపాకీకి ఉంటుందా?" అన్నాడు. నా విద్య మీదే అనుమానమా! పిస్టల్ తీసి పైనున్న స్లయిడ్ వెనక్కి లాగి వదిలాను. ఖటక్! బావమరిది చప్పట్లు కొట్టాడు. నేను మురిసిపోయి దాన్ని మళ్ళీ పీట మీద పెట్టేశాను.

సాయంత్రం సాధనకని దాన్ని గదిలోకి తెచ్చి, మ్యాగజైన్ తీసి, రౌండ్లు బల్ల మీద పేర్చాను. ఏడే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే. టైమరు నొక్కబోయినవాణ్ణి ఆగిపోయాను. బావమరిది భోంచేసి వెళ్ళాక పూజగదిలోకి వెళ్ళింది డ్రైవరు ఒక్కడే, కారు ముందు కొట్టడానికి గుమ్మడికాయ తెచ్చుకోవడానికి.

పిలిచాను. గరాజులోంచి వచ్చాడు.

"పూజగదిలోంచి ఏం తీశావ్?"

"గుమ్మడికాయ సార్."

అంటూనే అతని చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాను. "జేబు చూపించు" అన్నాను. పందొమ్మిదేళ్ళలో ఆ మాట ఎన్నడూ అనలేదు.

తీసి చూపించాడు. జమ్మి ఆకులు. ఏటా దసరా సాయంత్రం 'బంగారం' అంటూ నా చేతిలో పెట్టి దండం పెడతాడు. ఈసారి పెట్టలేదు. బల్ల మీది ఏడు రౌండ్లనూ, పిస్టల్‌నూ చూశాడు.

"స్లయిడ్ గుంజి చూసిన్రా సార్?"

లాగాను. ఎనిమిదో రౌండు ఎగిరి గచ్చు మీద టంగుమని పడింది. పొద్దున నా ఖటక్‌తో దాన్ని గొట్టంలోకి ఎక్కించింది నేనే. ముప్ఫై ఏళ్ళుగా ఆ చప్పుడు అమ్ముకుంటున్నాను గానీ, దానికి అర్థం నాకు పట్టలేదు. లెక్క తప్పకపోయి ఉంటే, బీప్‌మనగానే క్యాలెండరు మీదికి పేల్చేవాణ్ణి.

అయినా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. "మరి రౌండ్లు ఎన్నని ఆ రోజు ఎందుకడిగావ్?" అన్నాను.

"గా ప్లైవుడ్ ఎన్క కూసునేది నేనే కద సార్. భయం గాదా?"

వంగి రౌండు తీసి నా అరచేతిలో పెట్టాడు. జమ్మి ఆకులు తిరిగి జేబులో వేసుకున్నాడు. కారు తాళాలు బల్ల మీద పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

డ్రిల్లు మానలేదు నేను. ఇప్పుడు స్లయిడ్ రెండుసార్లు లాగి, వేలు పెట్టి చూస్తాను. తర్వాత ప్లైవుడ్ అవతలికి వెళ్ళి ఎవరైనా ఉన్నారేమో చూసి వస్తాను. అతని ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే ఉంటుంది.