మెరిసే చక్రం

చొలూలా ఊళ్లోని ఒక ప్రయోగశాలలో ఫిదెన్సియో ఇరవై రెండేళ్లుగా కాపాడుకొస్తున్నది ఒక ఇనుప బల్ల. దానికి ఒక చివర నల్లటి చిన్న కొలిమి; ఎంత వేడి పెడితే అంతే, పిసరు కూడా కదలదు. రెండో చివర, ద్రవ నైట్రోజన్ పోసిన ఫ్లాస్కులో, కంటికి కనబడని వేడికాంతిని కొలిచే డిటెక్టరు. మధ్యలో గాట్ల చక్రం తిరుగుతూ కొలిమిని ఒకసారి చూపిస్తుంది, ఒకసారి మూస్తుంది. ఆ చక్రాన్ని అతను ఆకురాయితో చేతులారా అరగదీసి చేశాడు. కొండమీది దుర్భిణికి వెళ్లే ప్రతి డిటెక్టరూ ఈ బల్లమీద సరిచూశాకే బయల్దేరేది. ఆరో తరగతితో చదువు ఆగిన మనిషి కాబట్టి పరీక్ష కాగితాలమీద సంతకాలు వేరేవాళ్లవి. గది తాళంచెవి మాత్రం అతనిదే.

ఆ ఏడు యాదిరా అనే కుర్ర ఇంజనీరు వచ్చింది. మొదటి వారంలోనే వైర్ల వరస మార్చింది. డిటెక్టరు చూపే అంకెల వణుకు సగానికి తగ్గింది.

"చూశారా మాస్టారూ, ఎలా నెమ్మదించిందో!" అన్నాడు ఫిదెన్సియోతో డైరెక్టరు డాక్టర్ అన్సెల్మో. "శుక్రవారం పరీక్ష ఆమే చేస్తుంది. గంటసేపు అంకె కదలకపోతే తాళంచెవి ఆమెకే ఇచ్చెయ్యండి."

ఫిదెన్సియో తింటున్న తోర్తియా రొట్టెని పక్కన పెట్టేశాడు. ఆ సాయంత్రమే చక్రం విప్పి, పాత మసి తుడిచేసి, తళతళలాడేదాకా రుద్దాడు. దీన్ని ఎవరు చేశారో ఆమె చూడాలి. అందులో తన మొహం చూసుకుని మరీ తెలుసుకోవాలి.

శుక్రవారం డాక్టర్ ఎదుట అంకె నిలవలేదు.

"వైర్లలోనే ఏదో ఉంటుందిలే ఇంజనీరమ్మా," అన్నాడు అతను, ఆమె వెనకగా చక్రం పక్కకి వచ్చి. అంకె దిగింది. కిటికీ దగ్గరికి నడిచాడు. ఎక్కింది.

అప్పుడు తట్టింది అతనికి. కొలిమిని మూసినప్పుడల్లా చక్రం మెరిసే రెక్కలు అతని ఒంటి వేడిని తీసుకెళ్లి డిటెక్టరుకి చూపిస్తున్నాయి; తెరిచినప్పటికీ మూసినప్పటికీ తేడా తగ్గి అంకె దిగుతోంది. అందుకే కదా ఇన్నేళ్లూ మసి పట్టించింది!

అయినా మళ్లీ రెండడుగులు చక్రం వైపు వేశాడు. అంకె దిగింది. ఆమె నుదుట చెమట చూస్తుంటే ప్రాణానికి హాయిగా ఉంది. మరోసారి వేశాడు.

"తప్పు నాదే డాక్టర్," అంది యాదిరా. "మాస్టారి బల్ల ఇన్నేళ్లూ నిలబడింది. నా వైర్లే చెడగొట్టాయి. తీసేస్తాను." ఒక్కొక్క ముడీ విప్పడం మొదలుపెట్టింది. పొందిగ్గా, సమానంగా కట్టిన ముడులు.

మూడో ముడి దగ్గర ఫిదెన్సియో ఉండబట్టలేకపోయాడు.

"చెయ్యి తియ్యండి! ఇంత మంచి పనిని విప్పుతారా ఎవరైనా?"

చక్రం ఊడదీసి పెరట్లోకి పట్టుకెళ్లాడు. ఒకోతె అనే పైన్‌చెట్టు పుల్లలు వెలిగించి, ఆ జిడ్డు పొగమీద తిప్పాడు. ఆమె వెనకే వచ్చింది.

"అయ్యో, అద్దంలా ఉండేదే!"

"అద్దం గోడకి తగిలించుకోడానికి. ఇది కొలవడానికి."

"మరెందుకంత మెరిపించారు?"

"మీరు చూస్తారని."

ఆమె ఇంకో పుల్ల తీసి మంటలో పెట్టింది.

మధ్యాహ్నం మసిచక్రంతో గంటసేపు అంకె కదల్లేదు. డాక్టర్ చప్పట్లు కొట్టాడు, ఆమె వైపు తిరిగి.

"మసి పట్టడం మాత్రం నా పనే," అన్నాడు ఫిదెన్సియో.

"మీదే మాస్టారూ. నాకు రాదుగా."

"నేర్పను కూడా."

తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. పెట్టాడే గానీ వేళ్లు చాలాసేపు వదల్లేదు.